వేలిముద్ర పడటం లేదు

రొయ్య తలలు తుంచి తుంచి
బొటనవేలి మీద గీతలు అరిగిపోయాయి.
రేషన్ మిషను నన్ను గుర్తుపట్టదు,
ఫోనూ అంతే.
నాలుగంకెలు కొట్టి లోపలికి పోతాను,
సొంతింటికి దొడ్డిదారిన వెళ్లినట్టు.

లోపల ఒక సినిమా ఉంది,
నూట పదకొండు పేజీలు.
మొగల్తూరు నుంచి కంపెనీ బస్సులో
షెడ్డుకి పోయేటప్పుడు ఒక సీను రాయడం,
వచ్చేటప్పుడు దాన్ని కొట్టేయడం.
పక్క సీట్లో మంగతాయారు
"ఎవడికే అంతంత మెసేజీలు?" అంటుంది.
"ఇంకా తెలీదే" అంటాను. అబద్ధం కాదు.

స్క్రిప్టులు పెట్టుకునే చోటొకటి ఉందని
ఆడపడుచు కొడుకు చెబితే ఖాతా తెరిచాను.
పేరు అడిగింది: గుబ్బల నాగసత్యవేణి.
ఫొటో అడిగింది: ఆధార్‌లోది పెట్టాను,
ఏడ్చినట్టుంది, ఉండనీ.
అనుభవం అడిగింది.
కాసేపు ఆలోచించి
'గంటకి పదకొండు కిలోలు' అని రాసి
చెరిపేశాను.

వారానికి లెక్క చూపించింది.
తొమ్మిది మంది తెరిచారు.
ఎనిమిది మంది మూడో పేజీలోనే దిగిపోయారు,
ఎక్కిన బస్సు తమది కాదని తెలిసినట్టు.
ఒక్కరు మాత్రం
రాత్రి రెండుంపావుకి చివరి పేజీ దాటారు.

ఆయన ఉత్తరం ఐసుగడ్డల మధ్య చదివాను,
గ్లౌజు పళ్లతో లాగి.

"అమ్మా, మాది రాజోలు.
ముప్పయ్యొక్క ఏళ్లు ప్రొజెక్టర్ ఆడించాను.
ఇప్పుడా హాలు కొబ్బరికాయల గొడౌనండి.
నాకు కథలు తెలవ్వు, రీళ్లు తెలుసు.
మీ నలభయ్యో పేజీ కాడ జనం బీడీలకి లేస్తారు.
అక్కడ వాన తీసెయ్యండి.
ఏడిపించడానికి వానెందుకండీ మనకి?
పుల్లయ్య పంటు మీద టిక్కెట్టు చింపకుండా
చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు చూడండి,
అక్కడ హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడుద్ది.
ఇట్లు, యాళ్ల సోమేశ్వర్రావు."

వాన తీసేశాను.
నాలుగు రోజులు ఆయన మీద కోపంగానే ఉన్నాను,
అది వేరే సంగతి.

రాజోలు మాకెంత దూరమని?
నర్సాపురం రేవులో నిలబడితే
అవతల సఖినేటిపల్లి కనిపిస్తుంది,
వశిష్ఠ ఒక్కటే అడ్డం.
మా మాటలు మాత్రం
ఏ దేశంలోనో ఉన్న మిషన్లోకి పోయి
అక్కణ్ణుంచి ఈ గట్టుకీ ఆ గట్టుకీ చేరుతున్నాయి.
ఇంతా చేసి మేం ఇప్పటికీ ఒకరినొకరం చూసుకోలేదు.

ఆయన చెబితే గుంతకల్లు నుంచి షమీమ్ చదివింది.
రైల్వే క్వార్టర్స్‌లో ఉంటుంది, తనదీ ఒక స్క్రిప్టు.
నేను చదివి
"తొంభై పేజీల్లో ఆ పిల్ల ఒక్కసారీ
అన్నం తినలేదేంటండీ?" అని రాశాను.
ఆ రాత్రే ఫోన్ చేసి నవ్వింది,
తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మొన్న మంగళవారం మణికొండ నుంచి పిలుపు,
షమీమ్‌కి తెలిసిన కో-డైరెక్టరు.
"రెండు నిమిషాల్లో కథ చెప్పండి మేడమ్."
వెనక్కి తిరిగి చూశాను,
ఆ మేడమ్ ఎవరా అని.

తలకి వల టోపీ, కాళ్లకి రబ్బరు బూట్లు,
కోల్డ్ స్టోరేజీ గోడకి ఆనుకుని మొదలెట్టాను.
నిమిషం నలభైకి సిగ్నల్ పోయింది.
పుల్లయ్య పంటు ఎక్కాడు,
అక్కడిదాకా చెప్పగలిగాను.
అవతల గట్టు చేరాడో లేదో
మణికొండకి తెలియదు.

షెడ్డులో గంట కొట్టారు.
మళ్లీ తలలు, మళ్లీ ఐసు.

సాయంత్రం బస్సు కదిలాక
ఫోను తొడమీద గిలగిలలాడింది.
అలవాటుకొద్దీ బొటనవేలు పెట్టాను,
ఒప్పుకోలేదు.
నాలుగంకెలు కొట్టాను.
ఒకే ఒక్క మాట ఉంది:
"తర్వాత?"

మంగతాయారు నా భుజం మీదుగా వంగి
"ఎవడే?" అంది.
జరిగి ఆమెకీ కనిపించేలా పట్టుకుని
మొదలెట్టాను,
'పుల్లయ్య టిక్కెట్టు చింపలేదండీ…'