గాలి ఖర్చు

ఐదు కిలోల రెండొందల గ్రాముల కడ్డీ.
కిలో అరవై నాలుగు.
లేతు కింద రాలిన పొట్టు కిలో రెండొందలు,
తుక్కువాడు ఇరవై ఎనిమిది చొప్పున తూచుకుంటాడు, అది తీసెయ్.
పుల్లీ ఒంట్లో మిగిలిన ఇనుము
రెండొందల తొంభై తొమ్మిది రూపాయల ఇరవై పైసలు.

పైసల దగ్గర సన్యాసినాయుడు నవ్వుతాడు.
"ఇప్పుడింక పైసలెక్కడున్నాయమ్మా?"
లెక్కలో ఉన్నాయి నాయుడూ,
ఇంకెక్కడా లేవు.

గంటా పది నిమిషాలు అతని చెయ్యి: నూట నలభై.
కరెంటు పద్దెనిమిది. అరిగిపోయే బిట్టు పదకొండు.
షెడ్డు అద్దె, ముక్కకింత అని పంచితే, ఇరవై రెండు.

ఆటోనగర్లో ఈ లేతు నాకు అమ్మిన రోజు
దానయ్య మేస్త్రి తన లెక్కల పుస్తకం కూడా ఇచ్చాడు,
నూనె వేలిముద్రలతో సహా.
ప్రతి సరుకు కిందా ఆఖర్న ఒక వరస:
గాలి, తొమ్మిది.

గాలికి డబ్బులేమిటని కొట్టేశాను.

ఆ వానాకాలం
శనివారం తిప్పి పేర్చిన పుల్లీలు
సోమవారం తలుపు తీసేసరికి ఎర్రగా ఉన్నాయి.
సముద్రం ఇక్కణ్ణించి కనపడదు.
గంగవరం వైపు నించి ఉప్పు మాత్రం
అద్దె కట్టకుండా లోపలికొచ్చి కూర్చుంటుంది.
ఎమరీ కాగితం, డబ్బాడు నూనె, నాయుడిది ఒక పూట.
కొట్టేసిన చోటే మళ్లీ రాశాను.

మొత్తం నాలుగొందల తొంభై తొమ్మిదీ ఇరవై.
అమ్మకం ఐదొందల అరవై.
పెన్నుకి మూత పెట్టాను.

వేట నిషేధంలో వస్తాడు గరికిన పోలారావు,
బోటు జెట్టీకి కట్టేసి, వించి విప్పి.
"టౌన్లో నాలుగొందలెనభైకే ఇత్తన్నారు గదమ్మా."
"తీసుకో మరి."
"ఆడు డబ్బు ముందు పెట్టమంతాడు.
నీకైతే వేట తెరిసేక, రెండు ట్రిప్పులు తిరిగేక."

అదీ, పుస్తకంలో లేని వరస.
నేను కొన్న ఇనుము నగదు.
ఆ నగదు నూటికి రెండు.
మూడు నెలలు, దగ్గర దగ్గర ముప్పై.
నా లాభంలో సగం
అతను బీడీ వెలిగించుకునేలోపు ఎటో పోయింది.

"ఐదొందల తొంభై" అన్నాను.
గొంతు నాదిలా లేదు.

బేరమాడతాడనుకున్నాను.
కడ్డీల మీద కూర్చుని పుస్తకంలోకి తొంగి చూశాడు.
"నీకు బాగుందమ్మా.
ఇనుమెంత, కరెంటెంత అని రాసి
కిందన గీత గీసి రేటు సెబుతావు.
నాకూ తెలుసు డీజిలెంతో, ఐసెంతో,
కలాసీల వాటా ఎంతో.
తెల్లారగట్ట హార్బర్లో సేప దించుతాను.
రేటు ఆళ్లు అరుత్తారు.
నాను ఇంటాను."

కాసేపు లేతు ఒక్కటే తిరిగింది.

నాలుగు పుల్లీలు గోనెలో చుట్టి
స్కూటర్ ముందు కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.
ఒక్కోటి ఎంతకి రాసుకున్నానో చెప్పను.
గాలి కింద మాత్రం ఇంకో వరస గీశాను.
పేరు ఇంకా పెట్టలేదు.
ఎదురుగా ముప్పై వేశాను,
పైసలు లేకుండా.