పొడి అట్ట

ఆనందపురంలో మూడున్నరకి చామంతి కొంటాను.
తడి గోనె కప్పి వెనక సీట్లో పడేస్తాను.
ఫియట్ నాకంటే రెండేళ్లు చిన్నది.
కొమ్మాది దాకా ముల్లు బుద్ధిగానే ఉంటుంది.
ఎండాడ ఎక్కుడు మొదలయిందో లేదో
ఒక గీత, ఇంకో గీత,
బానెట్ సందుల్లోంచి తుప్పు ఉడికిన వాసన.
ఆపేసి, మూత ముట్టుకోకుండా నిలబడతాను.
ఒకసారి ముట్టుకున్నాను,
మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది.
చల్లారాక, పూల మీద చిలకరించే బకెట్టులోవే
దాని నోట్లో పోస్తాను.
నీళ్లే గదా.

కంచరపాలెం మెట్టు దగ్గర గౌరీసు షెడ్డు.
"ఎన్నాళ్ల బట్టి తాగుతంది?"
"కార్తీకం నుంచి."
"రోజుకెంత?"
"చెంబుడు."
"మరి కింద తడేదీ?"
అదే గదా నా గోల.

ఆయిలు మూత విప్పి లోపల వేలు తిప్పాడు.
"మీగడ కట్టనేదు. అదురుష్టం. పొగ తెలుపా?"
"ఆ వేళకి మంచులో ఏ పొగైనా తెలుపే."
నవ్వలేదు.
ఇంజను ఆడించి, రేడియేటర్ నోట్లోకి
నూతిలోకి తొంగిచూసే పిల్లాడిలా చూశాడు.
బుడగలు లేవు.
"రేత్రికి కింద అట్ట పరు. పొద్దున్న పట్రా.
మరకే సెప్తాది."

రొయ్యల పెట్టె చింపి పరిచాను.
మర్నాడు పొడి. ఆ మర్నాడూ పొడి.
మూడో అట్టని అతను ఎండకి ఏటవాలుగా పట్టి
గోటితో ఒక చోట గీకాడు.
రూపాయి బిళ్లంత మేర
కాగితం లేచి నూగులా ఉంది.
"ఇక్కడ తడిసింది.
ఎవులో నాకీసినారు."

కర్రోడు.
సాయంత్రం బండి ఆపగానే
ఇంజను వెచ్చదనానికి కిందికి దూరే మా జ్ఞానాపురం వీధికుక్క.

అట్ట మళ్లీ కారు కింద సర్ది,
ఆ నూగు మీంచి వేలు నిటారుగా పైకి పోనిచ్చాడు.
నీళ్ల పంపు.
దాని కడుపు కింద చిన్న కన్నం,
అంచున తెల్లటి పొర.
సముద్రగాలి ఉప్పనుకుని
రోజూ నేనే గుడ్డతో తుడిచేసిన సాక్ష్యం.
సైకిలు పంపుకి పాత మూత అతికించి చేసుకున్న పరికరంతో
గాలి కొట్టాడు.
పదకొండో దెబ్బకి
కన్నం దగ్గర ఒక చుక్క పుట్టి,
కాసేపు ఆలోచించి,
పడింది.
"సల్లగుంటే మూసుకుంటాది.
వేడిమీద ఆపిన పది నిముషాలే కారతాది.
అప్పటికి నువ్వు ఇంట్లో కాళ్లు కడుక్కుంటుంటావు."

తరవాత గొంతు తగ్గించాడు.
"కూలెంటు తీపి, మేడం. కుక్కలు వదల్వు.
మా షెడ్డులో రెండు పోనాయి."

నా చేతిలో పాన మరిచిపోయి పట్టుకునే ఉన్నాను.
మూడు నెలలు. రోజుకి కొన్ని చుక్కలు.
ఎంత తాగి ఉంటుంది?

కింద కొళాయి విప్పాడు.
ఎర్రటి నీళ్లు, సున్నం పెచ్చులు,
చివర్న ఉడికి నల్లబడ్డ చామంతి రేకులు మూడు.
వేళ్ల మధ్య రాసి, వాసన చూసి, నా వైపు తిరిగి తిట్టాడు.
"దీన్లో కూలెంటేదీ? మొత్తం నీ పూల నీల్లే!
ఎప్పుడో కడిగీసినావు.
లోపలంతా సున్నం కట్టీసినాది,
రేడియేటరు సగం పూడిపోనాది..."
పంపు, గొట్టాలు, బెల్టు, కూలీ,
వేళ్ల మీద లెక్క చెబుతున్నాడు.
నేను తలూపుతున్నాను,
ఇన్నాళ్లకి నా బద్ధకాన్ని
ఎవరో మెచ్చుకుంటున్నట్టు.

ఇవాళ ఎండాడ ఎక్కేశాను. ముల్లు సగంలో ఆగింది.
లోపల పచ్చటి నీళ్లు, అసలైనవి,
తీపివి.

సాయంత్రం కొత్త అట్ట పరిచి
అరుగు మీద టార్చితో కూర్చున్నాను.
కర్రోడు వచ్చాడు. మెడ పట్టుకున్నాను.
పది నిముషాలు, ఇంకో పది.
అట్ట పొడి. చెయ్యి పెట్టి చూశాను, పొడే.
అప్పుడు వదిలాను.

కిందికి దూరి, తన చోటు వాసన చూసి,
నాకి,
మళ్లీ నాకి,
తల బయటపెట్టి నా వైపు చూశాడు
కొట్టు మూసేసిన వాడి వైపు చూసినట్టు.