చెల్లని నోటు

నేను మీటర్లు చదివేవాణ్ణి.
కంచరపాలెం సెక్షను, బర్మా క్యాంపు,
మూడు వందల పన్నెండు సర్వీసులు.
తలుపు కొట్టి "కరెంటు" అని ఒక్క మాటంటే
వంటింటి దాకా రానిస్తారు.
ప్రపంచ చరిత్ర నాకు అలా దొరికింది,
చీపురుకీ కిరసనాయిలు డబ్బాకీ వెనక
ఫ్యూజు పక్కన.

దాలమ్మ ఇంట్లో మీటరు కింద ఒక పటం.
పటంలో దేవుడు లేడు.
అద్దం వెనక వంద చాట్ల నోటు.
మన అక్షరాలకి పినతల్లి బిడ్డల్లా
గుండ్రంగా, ముద్దగా, ఏదో రాసుంది.
చదవబోయాను. నోరు తిరిగింది గానీ మాట రాలేదు.

"రంగంలో, బాబూ, ఒక పొద్దుటేల రేడియోలో సెప్పినారు,
ఏబైలూ వందలూ ఇకమీదట ఉత్త కాయితాలని.
బియ్యం మిల్లులో మాయయ్య పదకొండేళ్ళు మోసిన బస్తాలన్నీ
ఒక రేకుడబ్బాలో ఉండీవి.
మార్సుకోడానికి లైన్లో నిలబడినాడు.
ఆడి వంతు కన్నా ముందు ఓడొచ్చేసినాది."

రంగం.
నాకు తెలిసిన రంగం నాటకాలది,
తెర లేచేది, తెర పడేది.
వీళ్ళ రంగంలో తెర పడ్డాక కూడా
మనుషులు మిగిలిపోయారు, మూటలతో.

రేవులో ముక్కుపుడకలు కూడా లెక్కేశారట.
వాళ్ళమ్మ పుస్తెలు తీసి బల్ల మీద పెట్టింది.
బల్ల వెనకాయన కూడా మంచివాడేనట,
పసుపుతాడు వెనక్కిచ్చాడు.

ఏ ఓడమ్మా అని అడిగాను.
"పేరు తెల్దు. వోంతుల వాసన తెలుసు."
డాల్ఫిన్ నోస్ కొండ కనపడగానే
డెక్కు మీద ముసలాళ్ళంతా లేచి దణ్ణం పెట్టారు.
అదేటని అడిగితే మన దేశమన్నారు.
తొమ్మిదేళ్ళ పిల్ల వెనక్కి తిరిగి
ఉత్త నీళ్ళకేసి వేలు చూపించింది:
"మన దేశం అటు కదా ఉంది."

ఆదివారం ద్వారకానగర్ లైబ్రరీకి వెళ్ళాను.
దిండంత పుస్తకం. ఫ్రాన్సుకి వంద పేజీలు.
బర్మాకి రెండున్నర,
అందులో ఒక పేజీ నిండా ఏనుగుల మీద రాజులు.
బియ్యం మిల్లు లేదు, రేకుడబ్బా లేదు.
పక్కన నిద్రపోతున్నాయన ఫ్యాను ఆగితే లేచి
నన్నే తిట్టుకున్నాడు.

అప్పట్నించీ రీడింగు పుస్తకం వెనక అట్ట మీద
నా సొంత రీడింగులు రాసుకుంటున్నాను.
నాలుగో వీధి గవరయ్య: కలలో బర్మా భాషలో తిడతాడు,
పొద్దున్న భార్య అర్థం అడిగితే చెప్పడు.
ఏడో నంబరు: పిల్ల బుగ్గలకి చందనం లాంటి పట్టు,
పేరు తనాఖా, చెట్టు ఇక్కడ లేదు,
గంధపు చెక్కతోనే సర్దుకుంటున్నారు.
నూడిల్స్ బండి కుర్రాడు: రంగూన్ అంటే
వాళ్ళ తాత పెట్టిన హోటలు పేరనుకుంటాడు.

మొన్న జూన్లో వెళితే పటం ఖాళీ.
నోటున్నంత మేర అట్ట తెల్లగా,
చుట్టూ పోర్టు దుమ్ము.
మనవడు జగదాంబ దగ్గర పాతనాణేలాయనకి
ఆరొందలకి అమ్మేశాడట.
నేను మొహం ముడిచాను, ఆవిడ పకపకా నవ్వింది.
"సెల్లినాది సూసినావా! ఏబై ఎనిమిదేళ్ళకి!
మాయయ్యకి సెప్పాల."

ఏం కొన్నావమ్మా?
"ఏటి కొంతాను? నీ బిల్లే కట్టాల."

ఐదు వందల ఎనభై ఏడు రూపాయలు.
మిషను గరగరలాడింది, కాయితం చింపి ఇచ్చాను.
ఆవిడ దాన్ని మడవకుండా
అద్దం వెనక దూర్చి, గోడకి వేసి,
వంకర సరిచేసింది.
"ఇదీ సర్కారోరి కాయితమే కదేటి."

ఈ ఇంకు నిలవదమ్మా,
మూడు నెలల్లో అక్షరాలన్నీ ఎగిరిపోతాయన్నాను.

"అదీ అంతేనా," అంది,
గిన్నెలు తోముకోడానికి వెళ్ళిపోయింది.