దెబ్బ వయసు

ఆ మనిషిది బేరూత్ అంట.
తోలుసంచీలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాడు:
కంటికి బిగించుకునే భూతద్దం, చిన్న తక్కెడ,
వేలెడంత దీపం,
ఎక్స్ఛేంజిలో దొంగనోటు పట్టేలాంటిది.
నేను ఖహ్వా పోసి గోడవారగా నిలబడ్డాను.
ఎవరూ పొమ్మనలేదు గాబట్టి ఉన్నాను.

మామా మౌదీ కాగితాల మీద పెట్టుకునే గాజుగుండు అది.
బత్తాయంత. లోపల సన్నసన్న పూలు, చీరకుచ్చిళ్ళంత దగ్గరగా,
ఒక్కటీ వాడదు.
వాళ్ళ నాయన ముత్యాల బేరానికి పోయి
బొంబాయిలో కొన్నాడని ఒకసారి,
బస్రాలో బాకీ కింద లాక్కొచ్చాడని ఇంకోసారి చెబుతుంది.
రెండుసార్లూ ఒట్టేసే చెబుతుంది.

ఆయన దాన్ని పసిబిడ్డను తిప్పినట్టు తిరగేశాడు.
అడుగున, కడ్డీ నుంచి విరిచిన చోట
గరుకుగా ఒక గుంట.
బొడ్డు, అనుకున్నాను.
మంత్రసాని ఎవరో బొడ్డు మీద రాసి ఉండదు గదా.

కర్టెన్లు వెయ్యమన్నాడు. వేశాను.
ఊదా వెలుతురులో గాజు
పాచినీళ్ళ పచ్చగా వెలిగింది.
"ఫ్రాన్సు కావచ్చు" అన్నాడు.
పూలు లెక్కపెట్టి, "కాకపోవచ్చు" అన్నాడు.
చీనా నకళ్ళయితే తేలిక, సబ్బులా జారతాయంట.
ఇది జారదు.
ఆ మాట నన్నడిగితే చెప్పేదాన్ని,
ఆరేళ్ళుగా తుడుస్తున్నాను.

మాది గాజులమ్మిన ఇల్లు.
రాయచోటి సంతలో మా జేజి
భుజం మీది మలారం దించి
ఒక్కో గాజూ గోటితో మీటేది, అతుకు తడిమేది.
ఇది ఫిరోజాబాదుది. ఇది కాదు. కాదంటే కాదు.
ఎట్లా తెలుసు జేజీ అంటే
"చేసిన చెయ్యి చేతికి తెలుస్తాది పాపా."

లోపల ఆవగింజంత బుడగ ఉంది.
"చేసినవాడి ఊపిరి" అంది మనవరాలు దానా.
"ఊపిరి కాదు" అన్నాడు ఆయన,
"దీన్ని ఊదరు. పొర మీద పొర ముంచి తీస్తారు.
బయటికి దారి దొరకని గాలి, అంతే."
ఆ అరబీ ముక్క నాకు ఎవరూ విడమరచక్కర్లేకపోయింది.

అప్పుడు ఆయన వేలు అంచు మీద ఆగింది.
నా గుండె కూడా.
గోరంత పెచ్చు లేచిన చోటు.
భూతద్దం బిగించి చాలాసేపు చూశాడు.
"పాత దెబ్బ ఇది. చూడండి, మొనలు అరిగిపోయాయి.
పడవలో తగిలి ఉంటుంది, నూరేళ్ళ కిందట."
మామా కళ్ళు మూసుకుంది.
"నాయన పడవ" అంది.

నేనొచ్చిన మొదటి రంజాను.
టీవీలో ఇఫ్తారు ఫిరంగి పేలితే ఉలిక్కిపడ్డాను.
తడిచెయ్యి. కింద పాలరాయి.
లేచిన పెచ్చును నాలుక కింద దాచుకుని
వంటింటి దాకా నడిచాను.
సింకులో ఉమ్మితే కొంచెం నెత్తురు.
ఆ వారమంతా, ఇల్లు నిద్రపోయాక,
కత్తులు నూరే రాయి తడిపి
జేజి గాజు మొనలు నూరినట్టే
మెల్లగా, మెల్లగా నూరాను.

నా పాస్‌పోర్టులో నాకు ఏడేళ్ళెక్కువ.
ముప్పై నిండని ఆడమనిషికి స్టాంపు పడదని
ఏజెంటు ఖాదర్‌వలి ఒక్క పెన్నుపోటుతో నన్ను పెంచాడు.
ఎయిర్‌పోర్టులో కాగితం చూసి, నా ముఖం చూసి,
మళ్ళీ కాగితాన్నే నమ్మారు.

ఈ దెబ్బకు తొంభైనాలుగేళ్ళెక్కువ పడింది.
నాకంటే దానికి జరుగుబాటు బాగుంది.

నోరు తెరిచి చెబుదామా అనిపించింది.
"చేసినవారెవరో" అన్న గడి దగ్గర
ఆయన కలం ఆగి ఉంది మరి.
మామా ముఖం చూశాను.
ఆమె ఇంకా పడవలోనే ఉంది.
ఫింజాన్లు ఏరుకున్నాను.

"తెలియదు" అని రాసి, సంతకం పెట్టి, తక్కెడ మడుచుకుని
ఆయన వెళ్ళిపోయాడు.
ఏసీ గాలికి కాగితం ఎగరబోతే
మామా దాని మీద గుండును పెట్టింది,
పెచ్చులేచిన వైపు గోడకు తిప్పి.

అది ఎప్పుడూ నేను తిప్పిపెట్టే వైపే.