సందు

గ్రీమ్స్‌పేటలో మా అంగడుండే సందులోకి
ఆటో వస్తే తిరగలేదు, వెనక్కే పోవాల.
ఇరవై రెండేండ్లుగా ఆడ కూర్చోని
నేను సందులు మూస్తా ఉండా.
రేషన్ కార్డు, పట్టా కాయితం, టెన్తు మార్కుల లిస్టు,
పోయినోళ్ళ పాస్‌పోర్టు సైజు మొహాలు —
రెండు పొరల నడాన పెట్టి
వేడి రోలర్ల కిందికి తోస్తే
చెమట చొరదు, చెద చొరదు.
గాలిబుగ్గ ఒక్కటి మిగిలినా
గిరాకీ ముందర తలెత్తలేను.

పలమనేరు పిల్ల ముబీనా, తిరుపతిలో పెద్ద చదువు,
సంచిలోంచి మూడు ఫిలిం ముక్కలు తీసింది.
నడిమిదాంట్లో కత్తి కోసిన దారి,
వెంట్రుక కన్నా రవంత లావు.
"అంటించన్నా. దారి మాత్రం పూడిపోగూడదు."

ఇదేం బేరం తల్లీ,
అంటుకోవాల, అంటుకోనూగూడదు!

వేడి జాస్తయితే దారి కరిగి పూడిపోయింది.
తగ్గిస్తే పొర లేచి నీళ్ళు పక్కకు కారినాయి.
ఇంకోటి ఉల్లిపొర మాదిరి ముడుచుకునింది.
ఇంకోటి రోలర్ల నడాన ఉండంగానే కరెంటు పోయింది.
ఆ పిల్ల నోటుబుక్కులో అంకెలు రాసుకుంటాది,
నేను రోలరు పక్కన చెయ్యి పెట్టి చూస్తా.
మిఠాయంగట్లో బటర్ పేపరు అడుక్కోనొచ్చి
అడుగున పరిచినాం.

"ఎందుకమ్మా ఇంత అగచాట్లు?"
"పాలకేంద్రంలో మాయమ్మను
నీళ్ళు కలిపినావంటారు.
లేదని చెప్పేదానికి నోరుంది,
చూపించేదానికి ఏమీ లేదు."

పదమూడోది నిలిచింది.
టీ అంగడి కుప్పయ్య కాడ పచ్చిపాలు ఒక చుక్క అడిగి
మూతి కాడ పెట్టినాం.
ఎవురూ తోయలేదు, ఊదలేదు,
పాలే దారి కనుక్కోని
ఒక మలుపు, ఇంకో మలుపు,
ఆటో తిరగలేని సందులో
సైకిలు మాదిరి పోయి
చివరి గదిలో మందును తాకింది.
మంచి పాలయితే నీలం తేలాలంట.
బూడిద రంగు కాడే ఆగిపోయింది.

కుప్పయ్య గ్లాసు తీసుకోని
మాట్లాడకుండా పోయినాడు.
రెండు దినాలు నాకు టీ లేదు.

ఈ పొద్దు ఎవురో ముసలాయన ఫోటో తెచ్చినారు.
తోసి తీస్తే చెవి పక్కన
చిన్న గాలిబుగ్గ.
మళ్ళీ తోయాల.
తోయబోయి,
అది యాడికి పోతాదోనని
రవంతసేపు చూస్తా నిలబడినా.