ఖాళీ బండి బరువు

ఇరవై తొమ్మిదో వారం నాది.
భీమిలి దారిలో, ఎర్రమట్టి దిబ్బలు దాటాక
మూడో అంతస్తులో సముద్రం కనబడే గది,
ఏడాదికి ఏడు రోజులు, పాతికేళ్లు.
మిగతా మూడొందల యాభై ఎనిమిది రోజులూ
అది ఎవరిదో నేనెప్పుడూ అడగలేదు.

గాజువాక పెట్రోలు బంకులో కూపన్ నింపినందుకు
మాకు తగిలిన అదృష్టం.
భోజనం ఉచితం, కుక్కరు ఉచితం.
టై కట్టుకున్న కుర్రాడు
మా సత్యవేణిని పదకొండుసార్లు "అమ్మా" అన్నాడు.
ఐస్‌క్రీం కరిగేలోగా సంతకం పెట్టేశాను.
ముప్పై ఒక్కేళ్లు పోర్టు కాటా మీద
లారీలు తూచినవాణ్ణి
ఆ రాత్రి ఒక్క కాగితమూ తూచలేదు.

ఇరవై తొమ్మిదో వారమంటే జూలై అని
ఇంటికొచ్చి క్యాలెండరు తిప్పాక తెలిసింది.
జూలైలో సముద్రం కనబడదు,
వినబడుతుంది.

వెళ్లినా మానినా నిర్వహణ రుసుము మాత్రం
ఏటా ముంజికాయల కన్నా ముందే దిగుతుంది.
కుక్కరు రబ్బరు రెండుసార్లు మార్చాం.
రుసుము ఐదుసార్లు పెరిగింది.

అమ్మేద్దామన్న మాట ఎవరి చెవిన వేశానో గానీ
మర్నాటినుంచీ ఫోను.
"సార్, పూణేలో పార్టీ రెడీ. తొమ్మిది లక్షలు.
మీరు రిజిస్ట్రేషన్ కింద పద్దెనిమిది వేల ఐదొందలు
ఇవాళే వేస్తే చాలు.
ఆరు దాటితే ఆయన గోవాలో కొనేసుకుంటారు."
గొంతు తేనె. ఆ వెనకాల ఇంకో పది గొంతులు
ఎవరెవరికో పూణే పార్టీని చూపిస్తూ.

నేను కొన్నది నాలుగు లక్షలకి.
కూర్చున్నచోటే బరువు పెరిగే సరుకు
నా కాటా మీదికి ఒక్కటే వచ్చేది:
తడిసిన బొగ్గు.

సీతమ్మధార గవరయ్య మాస్టారు వేశారు.
మొదట పద్దెనిమిది వేలు, తర్వాత పన్నని నలభై.
పూణే పార్టీ మాయమయ్యాక
పోయింది రాబడతానని ఢిల్లీ నుంచి ఒక లాయరు.
ఆయనకీ ముందే ఫీజు.
మాస్టారు చెప్పింది లెక్కలు. అదే ఆయన్ని తినేస్తోంది.
ఫోను మోగితే టీవీ సౌండు పెంచుతారు.

ఆదివారం ఫిషింగ్ హార్బరులో
నేను వంజరం కోసం నిలబడితే
నూకాలు వేలం పాడుతోంది.
బేరం తెగి, డబ్బు చేతిలో పడ్డాక
అందులోంచి తన కమీషను తీసి బొడ్లో దోపుకుంది.
"ముందే తీసుకోవేం?" అన్నాను.
ఎగాదిగా చూసింది.
"సేప అమ్మకముందు కమీసనేటి బాబూ?
అది బేరవా, అడుక్కోడవా?"
ఐసు కొడుతున్నవాడు నవ్వాడు.
నవ్వింది నన్నే అనిపించింది.

మంగళవారం పూణే మళ్లీ మోగింది.
"అమ్మిపెట్టు నాయనా.
ఆ తొమ్మిదిలోంచే నీది కోసుకో,
కావాలంటే రెండింతలు కోసుకో.
ముందు మాత్రం రూపాయి రాదు.
అన్నట్టు, కొనేవాడి పేరేంటి?"
తేనె గడ్డకట్టింది.
లైను తెగింది.
లారీ దిగిపోయాక
కాటా ముల్లు సున్నాకొచ్చే నిశ్శబ్దం.
ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారు నాకు:
ఖాళీ బండి బరువు రాసుకోకుండా
నిండు బండిని నమ్మకు.

పాత రసీదు వెతికి, దాని మీదున్న నంబరుకే ఫోన్ చేశాను.
అద్దెకివ్వొచ్చట, వచ్చేవాళ్ల పేర్లు రాసిస్తే చాలట.
కాటా దగ్గర ఇప్పుడు నా కుర్చీలో కూర్చునే సూరిబాబుకి
వైశాఖంలో పెళ్లయింది.
ఆషాఢమని పిల్లని పూడిమడక తీసుకుపోయారు.
"అత్తారి గడప తొక్కకూడదన్నారు గానీ
లిఫ్టు ఎక్కకూడదనలేదు కదా అంకుల్?"
సగం కాగితం రాసుకున్న రోజు,
సగం తాళం చేతికొచ్చాక.
రుసుముకి సరిగ్గా సరిపోయింది.
లాభం సున్నా, నష్టం సున్నా.

గురువారం రాత్రి వర్షంలో మెసేజి పెట్టాడు:
"సముద్రం అస్సలు కనబడట్లేదు అంకుల్."
డబ్బు వెనక్కివ్వాలా అని నేను కంగారు పడుతుంటే
సత్యవేణి ఫోను లాక్కుని చదివి,
"వాళ్లు చూడ్డానికా వెళ్లింది?" అని
కుక్కరు మూత బిగించింది.