రెండు కొమ్ముల బుట్ట

మిషన్ బీచ్‌లో నవంబరు.
సముద్రం స్నానానికి తొలిపిన నీళ్ళంత వెచ్చగా ఉంది,
దిగొద్దని మాత్రం రెండు బోర్డులు.
ఒకటి జెల్లీచేపలకి, ఒకటి మొసళ్ళకి.
పక్కన గుంజకు వెనిగర్ సీసా,
ఎవరో పచ్చడి కలుపుతూ మరిచిపోయినట్టు.
ఇంత నీలం పెట్టుకుని
ఇంత కాపలా ఏమిటో!

టౌన్స్‌విల్ నుంచి మూడు గంటలు కారు తోలుకొచ్చి
చెప్పులు చేతపట్టుకుని
తడి ఇసుక దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాను.

కొబ్బరిచెట్ల కింద ఆదివారం సంత.
మామిడిపండ్లు, గవ్వల గలగలలు, చెక్క తాబేళ్ళు.
చివరి డేరాలో, మడతకుర్చీలో డెల్మా.
ఒళ్ళో సగం బుట్ట.

అడవి పేము చీల్చి అల్లుతోంది,
అడుగున రెండు కొమ్ములొచ్చేలా.
చేదు గింజలు దంచి ఇందులో పోసి
వాగులో ఉంచేవారట వాళ్ళ పెద్దలు.
పారే నీళ్ళు రాత్రంతా
విషాన్ని మోసుకుపోయేవట.

"సిబ్బి" అన్నాను, పైకే.
గంజికి దారిచ్చి మెతుకును ఆపే సిబ్బి.
పొద్దెక్కేలోగా పది అల్లి
బేరమాడేవాళ్ళను గొణుక్కుంటూ తిట్టి
చివరికి ఆ ధరకే ఇచ్చే మా నాయనమ్మ సిబ్బి.

డెల్మా నా చూపుడువేలి మచ్చ చూసింది.
"కత్తా, వెదురా?"
"వెదురే."

ఇరవై ఏళ్ళుగా ఏ తెలుగు విందులోనైనా
"మీరేమిట్లు?" అంటే
నీళ్ళు నమిలే నోరు
ఇక్కడ తడుముకోలేదు.
మేదరోళ్ళం.

ఆ మాట బరువు ఆమెకు తెలీదు.
కొత్త పిట్ట పేరులా రెండుసార్లు పలికి
పేముబద్ద నా చేతికిచ్చింది.
నాలుగో వరుసలో తప్పాను.
మాట్లాడకుండా విప్పేసి
మళ్ళీ ఇచ్చింది.

ఆ బుట్ట అమ్మదట. మనవరాలిదట.
అరచేతంత చాప ఒకటి కొన్నాను,
చెప్పిన ధరకే.

తిరుగుదారిలో కార్లన్నీ ఆగున్నాయి.
కాసోవరీ!
నిలువెత్తు పక్షి, మెడంతా మండే నీలం,
వెనక చారల పిల్లలు మూడు.
తల్లి కాదు, తండ్రి, అన్నాడు పక్క కారు కుర్రాడు.
హారన్ ఎవరూ కొట్టలేదు.
అది రోడ్డు మధ్య తాపీగా నిలబడి
రాలిన పండొకటి ఎగరేసి మింగి
దారికి అడ్డం పడేసిన సామానును చూసినట్టు
మమ్మల్ని చూసింది.

ఇంజన్ ఆపి కూర్చున్నాను.
స్టీరింగ్ మీద వేళ్ళు
లేని బద్దను ఒకటి పైకి, ఒకటి కిందికి
నాలుగో వరుస దాకా పోయి
మళ్ళీ మొదటికి.